సుంకాల బేరం: బల్ల దగ్గర కూర్చోకముందే జరిగే అసలు పని

1947 ఏప్రిల్ 10న జెనీవాలో సుంకాల తగ్గింపు చర్చలు మొదలయ్యాయి. అక్టోబరు నెలాఖరుకల్లా 23 దేశాలు కలిసి దాదాపు 45,000 రాయితీలు ఖరారు చేసుకున్నాయి. ఆనాటి ప్రపంచ వాణిజ్యంలో ఐదో వంతు, అంటే సుమారు 1,000 కోట్ల డాలర్ల సరుకు వాటి పరిధిలోకి వచ్చింది. సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం, పొట్టిగా గాట్, పుట్టింది అలాగే. ఏడు నెలలైనా నిండకుండా అన్ని వేల వస్తువుల సంగతి ఎలా తేలిందన్న సందేహం ఎవరికైనా వస్తుంది. ఒక్కో ప్రభుత్వం ఏ వస్తువు మీద ఎంతవరకు దిగగలదో ఇంటి దగ్గరే లెక్క వేసుకుని వచ్చింది కాబట్టి తేలింది. అమెరికానే చూడండి. తాను సుంకం తగ్గించే వీలున్న వస్తువుల జాబితాను 1946 నవంబరులోనే బయటపెట్టింది. 1947 జనవరిలో బహిరంగ విచారణలు పెట్టి, ఎవరి అభ్యంతరం వాళ్లు చెప్పుకోనిచ్చింది.

ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న మాట సుంకాల చర్చలకు సరిపోయినంతగా మరి దేనికీ సరిపోదేమో. అవతలి దేశంతో బేరం మొదలయ్యేలోగా ప్రభుత్వం తన సొంత శాఖలతో, తన పరిశ్రమలతో, రైతులతో, చట్టసభతో అంతకంటే కష్టమైన బేరం ఒకటి ముగించుకోవాలి. అది సగంలో వదిలేసి విమానం ఎక్కితే ఏమవుతుందో ఆ 1947లోనే తెలిసొచ్చింది. ఆస్ట్రేలియాకు కావలసింది ఉన్ని మీద అమెరికా సుంకం తగ్గడం. జెనీవాలో చర్చలు సాగుతుండగానే అమెరికా కాంగ్రెస్ ఉన్ని దిగుమతులపై అదనపు రుసుం వేయడానికి వీలిచ్చే బిల్లును ఆమోదించింది. అమెరికా బృందానికి నాయకత్వం వహిస్తున్న విల్ క్లేటన్ హుటాహుటిన వాషింగ్టన్‌కు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అధ్యక్షుడు ట్రూమన్ ఆ బిల్లును వీటో చేసి, ఉన్ని సుంకాన్ని 25 శాతం తగ్గించడానికి ఒప్పుకున్నాకే జెనీవాలో మళ్లీ కదలిక వచ్చింది. ఒక్క వస్తువు విషయంలో ఇంట్లో మాట కుదరకపోతే మొత్తం చర్చలే పోయేంత పని అయింది.

అన్నిటికంటే ముందు, తన పుస్తకం తాను చదువుకోవడం

సన్నాహం మొదలయ్యేది టారిఫ్ పుస్తకంతో. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే హెచ్‌ఎస్ (హార్మొనైజ్డ్ సిస్టమ్) అనే సరుకుల వర్గీకరణ 1988 నుంచి అమల్లో ఉంది. ఇందులో ప్రతి సరుకుకూ ఆరంకెల కోడ్ ఉంటుంది. ఇలాంటివి 5,000కు పైగా ఉన్నాయి. ఆ ఆరంకెల తర్వాత ఏ దేశానికి ఆ దేశం మరో రెండో నాలుగో అంకెలు చేర్చి ఇంకా సన్నగా విడగొట్టుకుంటుంది. అలా విడిన ఒక్కో వరుసనూ టారిఫ్ లైను అంటారు.

బియ్యాన్ని తీసుకుంటే 1006 అనేది శీర్షిక. దాని కింద 1006.10 ధాన్యం, 1006.20 పొట్టు మాత్రమే తీసిన దంపుడు బియ్యం, 1006.30 పాలిష్ పట్టిన బియ్యం, 1006.40 నూకలు. బయటివాళ్లకు ఇదంతా ఒకటే బియ్యం. లోపల మాత్రం ఈ నాలుగింటి వెనుకా నాలుగు రకాల మనుషులు ఉంటారు. ధాన్యం మీద సుంకం తగ్గితే దెబ్బ తినేది రైతు. పాలిష్ బియ్యం మీద తగ్గితే ముందుగా మిల్లరు. నూకల మీద తగ్గితే వాటిని పశువుల మేతకో పిండికో వాడే పరిశ్రమకు లాభం. "బియ్యం మీద ఎంత తగ్గిస్తారు?" అని అవతలివాళ్లు అడిగినప్పుడు వేర్వేరు లైన్లకు వేర్వేరు జవాబులు సిద్ధంగా లేని ప్రతినిధి, ఒకే జవాబు చెప్పి నలుగురి భవిష్యత్తునూ ఒకే గాటన కట్టేస్తాడు.

అందుకే అధికారులు ముందు ఒక పెద్ద పట్టిక తయారు చేస్తారు. ఒక్కో లైనుకు ఒక్కో వరుస. ప్రస్తుత సుంకం ఎంత, గత మూడు నాలుగేళ్లలో ఎంత దిగుమతి అయింది, ఏ దేశం నుంచి ఎంత, వసూలైన సుంకం ఎంత, దేశంలో ఉత్పత్తి ఎంత, ఎంతమందికి ఉపాధి, ఇప్పటికే వేరే ఒప్పందాల్లో ఎవరికైనా రాయితీ ఇచ్చామా అన్నవన్నీ అందులో ఎక్కాలి. వినడానికి గుమస్తా పనిలా ఉంటుంది కానీ అతి ప్రమాదకరమైన తప్పులు దొర్లేది ఇక్కడే. హెచ్‌ఎస్ వర్గీకరణను అయిదేళ్లకో ఆరేళ్లకో సవరిస్తుంటారు. కొత్త వస్తువులు పుడతాయి, పాత కోడ్‌లు చీలుతాయి, కలిసిపోతాయి. పాత కూర్పులో ఇచ్చిన హామీలను కొత్త కూర్పులోకి ఎక్కించేటప్పుడు ఏ లైను ఎక్కడికి పోయిందో ఒకటికి రెండుసార్లు చూసుకోకపోతే ఇవ్వదలచుకోని రాయితీ కూడా ఇచ్చినట్టే అయిపోతుంది.

దీనికి భారత్ అనుభవమే సాక్ష్యం. ఐటీ ఉత్పత్తులపై సుంకం ఎత్తేయాలన్న ఒప్పందంలో చేరిన భారత్, తర్వాతి రోజుల్లో మొబైల్ ఫోన్ల వంటి వాటిపై సుంకం వేసినప్పుడు యూరోపియన్ యూనియన్, జపాన్, తైవాన్ ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో ఫిర్యాదు చేశాయి. ఈ వస్తువులు ఆ ఒప్పందం కిందకు రావని, హామీల పట్టికను హెచ్‌ఎస్ 2007 కూర్పులోకి మార్చినప్పుడు పొరపాటు జరిగిందని భారత్ వాదించింది. 2023 ఏప్రిల్‌లో విచారణ ప్యానెల్ ఆ వాదనను ఒప్పుకోలేదు. పట్టికలో సున్నా అని ఉంటే సున్నానే అంది. భారత్ అప్పీలుకు వెళ్లింది. అప్పీలు సంగతి ఎలా ఉన్నా, ఒక పట్టికలోని కొన్ని వరుసలు పదిహేనేళ్ల తర్వాత అంతర్జాతీయ వివాదంగా తిరిగి రాగలవని ఇది చూపించింది. వర్గీకరణ తెలిసిన కస్టమ్స్ అధికారిని చర్చల బృందంలో చివరి కుర్చీలో కూర్చోబెట్టే దేశాలు ఈ ఉదంతాన్ని ఒకసారి తిరగేయాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. అన్ని సుంకాలూ శాతాల్లో ఉండవు. కొన్ని "కిలోకు ఇంత", "లీటరుకు ఇంత" అని ఉంటాయి. 100 కిలోలకు 40 చొప్పున సుంకం ఉందనుకుందాం. ఆ 100 కిలోల ధర 200 ఉన్నప్పుడు అది 20 శాతం. ధర 80కి పడిపోతే అదే సుంకం 50 శాతం. రేటు ఎక్కువున్న వాటిని ఎక్కువగా కోయాలన్న నియమం ఉన్నప్పుడు, ఏ ఏడాది ధరతో శాతం కడతారన్నదే పెద్ద తగాదా అవుతుంది. 2005లో, డబ్ల్యూటీవో దేశాల మధ్య సాగిన దోహా చర్చల్లో వ్యవసాయ సుంకాల విషయం నెలల తరబడి ఈ మార్పిడి లెక్క దగ్గరే నిలిచిపోయింది.

కాగితం మీద కోత, రేవులో కోత

ఈ అంశంలో జనాన్ని ఎక్కువగా తికమక పెట్టేది రెండు రేట్ల వ్యవహారం. ఒకటి బౌండ్ రేటు. ఇంతకు మించి వేయబోమని డబ్ల్యూటీవోకు రాసిచ్చిన గరిష్ఠ పరిమితి అది. రెండోది ప్రస్తుతం రేవులో వసూలు చేస్తున్న రేటు. చాలా వర్ధమాన దేశాల్లో ఈ రెండింటి మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది. డబ్ల్యూటీవో చర్చల్లో కోత పడేది బౌండ్ రేటు మీద. ఇరుదేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల్లో సాధారణంగా వసూలు చేస్తున్న రేటు నుంచే లెక్క మొదలవుతుంది. కాబట్టి ఒకే దేశం రెండు వేదికలకూ ఒకే పట్టికతో వెళ్లలేదు.

కోత ఎలా వేయాలన్నది మరో ప్రశ్న. 1947లో వస్తువుకు వస్తువుగా, ప్రధాన సరఫరాదారుతో ముఖాముఖి బేరమాడారు. గాట్ కింద 1964 నుంచి 1967 వరకు సాగిన చర్చల విడత అయిన కెనడీ రౌండ్‌లో పారిశ్రామిక వస్తువులన్నిటికీ ఒకే రీతిగా 50 శాతం కోత అన్నారు. అప్పుడు, నేటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపమైన యూరోపియన్ ఎకనమిక్ కమ్యూనిటీ ఒక న్యాయమైన అభ్యంతరం లేవనెత్తింది. తన ఆరు సభ్యదేశాల సుంకాలను సరాసరి కట్టడంతో దాని రేట్లన్నీ మధ్యస్థంగా ఉన్నాయి. అమెరికా రేట్లలో కొన్ని ఆకాశంలో, కొన్ని నేల మీద. ఆకాశంలో ఉన్నదాన్ని సగం చేసినా అడ్డుగోడ అడ్డుగోడే. ఈ తేడాను సరిచేయడానికే తర్వాతి విడత అయిన టోక్యో రౌండ్‌లో స్విస్ సూత్రం వచ్చింది. ఒక స్థిరసంఖ్యను సుంకంతో గుణించి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. స్థిరసంఖ్య 8 అయితే 40 శాతం సుంకం 6.7కు దిగుతుంది, 8 శాతం సుంకం 4 అవుతుంది. ఎంత ఎత్తుకు అంత లోతు కోత. ఎంత పెద్ద సుంకమైనా ఆ స్థిరసంఖ్యను దాటి మిగలదు.

దోహా చర్చల 2008 నాటి ముసాయిదాలో సంపన్న దేశాలకు 8, వర్ధమాన దేశాలకు 20, 22, 25లలో ఒకటి అని ప్రతిపాదించారు. 25 ఎంచుకున్న దేశంలో ఒక లైనుకు బౌండ్ రేటు 40, వసూలు చేస్తున్నది 10 అనుకోండి. సూత్రం ప్రకారం 40 కాస్తా 15.4 అవుతుంది. కాగితం మీద 60 శాతానికి పైగా కోత. రేవులో ఒక్క పైసా తేడా లేదు, ఎందుకంటే అక్కడ వసూలవుతున్నది 10 శాతమే. అలాగని ఆ రాయితీ ఉత్తదేనని తీసిపారేయడానికీ లేదు. రేపు సంక్షోభం వచ్చి సుంకం పెంచాలనుకుంటే 40 దాకా వెళ్లే స్వేచ్ఛ పోయి 15 దగ్గర ఆగిపోవాలి. ఈ స్వేచ్ఛకు విలువ కట్టడం సన్నాహంలో చాలా సున్నితమైన పని. ప్రతి లైను దగ్గరా "మనం దీన్ని ఎప్పుడైనా పెంచాల్సి వస్తుందా?" అని అడగాలి, జవాబు రాసిపెట్టుకోవాలి.

ఒక సైకిల్ లెక్క

పైకి కనిపించే సుంకం ఒకటి, పరిశ్రమకు దక్కే రక్షణ మరొకటి. ఇది అర్థం కాకపోతే సన్నాహం అంతా వృథా. ఒక చిన్న లెక్క చూద్దాం.

ప్రపంచ ధరల్లో ఒక సైకిల్ 100. అందులో వాడే గొట్టాలు, గొలుసు, టైర్లు కలిపి 60. అంటే సైకిల్ బిగించేవాడు చేర్చే విలువ 40. ఇప్పుడు సైకిల్ మీద 20 శాతం, విడిభాగాల మీద 5 శాతం సుంకం ఉన్నాయనుకుందాం. దేశంలో సైకిల్ 120కి అమ్ముడవుతుంది, విడిభాగాలకు 63 అవుతుంది. చేతిలో మిగిలేది 57. సుంకాలు లేని ప్రపంచంలో మిగిలే 40తో పోలిస్తే ఇది 42.5 శాతం ఎక్కువ. 20 శాతం సుంకం వెనుక దాగిన అసలు రక్షణ 42.5 శాతమన్నమాట.

చర్చల్లో సైకిల్ సుంకాన్ని 10కి దించి, విడిభాగాలది అలాగే ఉంచామనుకోండి. 110లోంచి 63 పోతే 47. రక్షణ 17.5 శాతం. సుంకం సగమే తగ్గింది కానీ రక్షణ సగానికి మించి కరిగిపోయింది. ఇక సైకిల్ మీద సుంకం పూర్తిగా ఎత్తేసి విడిభాగాల మీద 5 శాతం ఉంచితే మిగిలేది 37. దేశంలో సైకిల్ తయారు చేయడం శిక్ష అయిపోయింది. విడిభాగాలు తెచ్చుకుని బిగించేకంటే బిగించిన సైకిల్ తెచ్చి అమ్ముకోవడమే మేలు.

తారుమారు సుంకమని పరిశ్రమలు మొత్తుకునేది దీని గురించే. ఏ ప్రభుత్వమూ కావాలని చేయదు. సైకిల్ ఒక జాబితాలో, ఉక్కు గొట్టాలు ఇంకో జాబితాలో ఉంటాయి. ఉక్కు శాఖ తన గొట్టాలను కాపాడుకుంటుంది, వాణిజ్య శాఖ సైకిల్‌ను వదులుకుంటుంది. రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు లేకపోతే ఫ్యాక్టరీ మూతపడ్డాక కానీ సంగతి తెలియదు. సరుకుల వారీగా కాకుండా గొలుసుల వారీగా, ముడిసరుకు నుంచి తయారైన వస్తువు దాకా ఒకే కాగితం మీద చూసుకోవడం అందుకే తప్పనిసరి.

ఇలాంటి లెక్కలను పెద్ద ఎత్తున చేయడానికి నమూనాలున్నాయి. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి సంస్థ అంక్టాడ్ అందించే స్మార్ట్ నమూనా ఒక్కో వస్తువు మార్కెట్‌ను విడిగా చూస్తుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1992లో మొదలైన జీటాప్ మొత్తం ఆర్థిక వ్యవస్థను ఒకేసారి చూస్తుంది. రెండూ ఉపయోగపడేవే. ఏ రంగం ఎటు కదులుతుందో చెబుతాయి. అయితే ఒక పట్టణంలో మూతపడిన ఫ్యాక్టరీ కార్మికుడికి ఇంకో చోట పని దొరకడానికి ఎన్నేళ్లు పడుతుందో ఇవి చెప్పవు. చాలా నమూనాలు ఆ మార్పు సాఫీగా జరిగిపోతుందనే అనుకుంటాయి. నమూనా ఇచ్చిన అంకెను మంత్రి ముందు పెట్టేటప్పుడు ఈ మాట కూడా చెప్పడం అధికారి బాధ్యత.

ఎవరు వచ్చి చెబుతారు, ఎవరు రారు

పట్టిక చెప్పలేనిది మనుషులు చెబుతారు. అందుకే సంప్రదింపులు. పారిశ్రామిక సంఘాలు, రైతు సంఘాలు, ఎగుమతిదారులు, కార్మిక సంఘాలు వచ్చి తమ గోడు చెప్పుకుంటారు. అమెరికాలో 1974 వాణిజ్య చట్టం ఇందుకోసం శాశ్వత సలహా సంఘాలను ఏర్పాటు చేసింది. అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్, సుంకం తగ్గిస్తే ఆర్థికంగా ఏమవుతుందో ముందుగానే అంచనా వేసి అధ్యక్షుడికి నివేదిస్తుంది.

ఇక్కడే నాకు ఎప్పుడూ మనసు ఒప్పని అసమానత ఒకటుంది. సుంకం తగ్గితే నష్టపోయేవాళ్లు కొద్దిమంది, నష్టం ఒక్కొక్కరికీ పెద్దది. కాబట్టి వాళ్లు తప్పక వస్తారు, లాయర్లతో, లెక్కలతో వస్తారు. లాభపడేవాళ్లు లక్షల మంది, ఒక్కొక్కరికి దక్కేది కొంచెం. వాళ్లెవరూ రారు. చిన్న వర్క్‌షాపు నడుపుతూ దిగుమతి ఇనుము కొనేవాడు తన సమస్య వాణిజ్య మంత్రిత్వ శాఖలో తేలుతుందని ఊహించను కూడా ఊహించడు. అలాగే నష్టపోయేవాళ్లలో కూడా చిన్న రైతు, చేతిపనివాడు రాడు, రాలేడు. తలుపు తెరిచి కూర్చుంటే సరిపోదు. రానివాళ్ల దగ్గరకు అధికారులే వెళ్లాలి, వాళ్ల భాషలో అడగాలి. వినియోగదారుల తరఫున మాట్లాడే బాధ్యతను ఏదో ఒక శాఖకు పేరు పెట్టి అప్పగించాలి. అలా చేయని చోట మినహాయింపుల జాబితా అవసరాన్ని బట్టి కాకుండా పలుకుబడిని బట్టి తయారవుతుంది.

ఆర్థిక శాఖ ఆందోళన వేరు. పేద దేశాల ఖజానాకు కస్టమ్స్ రాబడి పెద్ద ఆధారం. రేవులో పన్ను వసూలు చేయడం తేలిక, దేశమంతటా అమ్మకపు పన్ను వసూలు చేయడానికి యంత్రాంగం కావాలి. ఆ యంత్రాంగం నిలబడేదాకా కోతలు దశలవారీగా ఉండాలని అది పట్టుబడుతుంది. సబబైన పట్టుదలే.

ఇవన్నీ విన్నాక లైన్లను గుంపులుగా విడగొడతారు. ఒప్పందం అమలైన రోజే సున్నా చేసేవి, అయిదేళ్లలోనో పదేళ్లలోనో ఏటా కొంత చొప్పున తగ్గించేవి, కొంత పరిమాణం వరకే తక్కువ సుంకంతో రానిచ్చేవి, అసలు ముట్టుకోనివి. చివరి గుంపులో చోటు కోసం అందరూ తోసుకుంటారు. అయితే ఇరుదేశాల ఒప్పందాల్లో దానికి హద్దుంది. గాట్ 24వ అధికరణ ప్రకారం "దాదాపు మొత్తం వాణిజ్యం" ఒప్పందం పరిధిలోకి రావాలి. "దాదాపు" అంటే ఎంతో ఎక్కడా రాసి లేదు. సాధారణంగా 90 శాతానికి అటూఇటుగా చూస్తారు. ఆ మిగిలిన కొద్దిపాటి చోటును ఎవరికివ్వాలన్నదే ఇంట్లో జరిగే అసలు పోరాటం.

ఇదే శ్రద్ధతో అవతలి దేశం పుస్తకం కూడా చదవాలి. మన సరుకు మీద అక్కడ ఎంత సుంకం పడుతోంది, మన పోటీదారుకు ఇప్పటికే సున్నా రేటు ఉందా, సుంకం పోయినా నాణ్యతా ప్రమాణాల దగ్గర సరుకు ఆగిపోతుందా అన్నవి తేలాకే అడిగే జాబితా తయారవుతుంది. సుంకం ఇప్పటికే 2 శాతమున్న చోట రాయితీ సాధించి విజయమని చెప్పుకోవడంలో అర్థం లేదు.

చేతిలో అధికారం ఉందా?

చివరిగా, సంతకం పెట్టే అధికారం. అవతలివాళ్లు ముందుగా చూసేది ఇదే. తమ ఎదుట కూర్చున్న మనిషి ఇచ్చిన మాటను అతని చట్టసభ నిలబెడుతుందా? అమెరికా కాంగ్రెస్ 1934లో మొదటిసారి అధ్యక్షుడికి ఒప్పందాల ద్వారా సుంకాలను 50 శాతం దాకా తగ్గించే అధికారం ఇచ్చింది. 1962 చట్టం కెనడీ రౌండ్ కోసం అలాంటి అధికారమే ఇచ్చింది కానీ దానికి 1967 జూన్ 30 గడువు పెట్టింది. ఒప్పందంపై సంతకాలు జరిగింది సరిగ్గా ఆ రోజే. ఆ గడువు లేకపోతే ఇంకెన్నాళ్లు సాగదీసేవారో. అయితే అదే రౌండ్‌లో అమెరికా బృందం తన అధికారం దాటి మరో మాట ఇచ్చింది. కొన్ని రసాయనాలకు దిగుమతి ధర మీద కాకుండా అమెరికాలో తయారైన అలాంటి సరుకు అమ్ముడయ్యే ధర మీద సుంకం కట్టే పద్ధతిని ఎత్తేస్తామంది. కాంగ్రెస్ దాన్ని ఆమోదించలేదు. ఆ పద్ధతి పోవడానికి టోక్యో రౌండ్ దాకా ఆగాల్సి వచ్చింది. 1974 చట్టం, ఒప్పందాన్ని సవరణలు లేకుండా అవుననో కాదనో తేల్చే పద్ధతిని తెచ్చిందంటే అందులో ఈ చేదు అనుభవం పాత్ర ఉంది.

యూరోపియన్ యూనియన్ తీరు ఇంకోలా ఉంటుంది. చర్చించేది కమిషన్. సభ్యదేశాల మంత్రుల మండలి దానికి అనుమతినీ, హద్దులనూ రాసిస్తుంది. చర్చలు సాగినంత కాలం సభ్యదేశాల కమిటీ పక్కనే ఉంటుంది. 2009 డిసెంబరులో లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చాక యూరోపియన్ పార్లమెంటు సమ్మతి కూడా తప్పనిసరైంది. అవతల కూర్చున్నవాళ్లకు ఇది విసుగు పుట్టిస్తుంది, ప్రతిదానికీ బ్రస్సెల్స్‌ను అడిగి చెబుతామంటారు. కానీ ఇంటి దగ్గర కట్టిన హద్దే బల్ల దగ్గర బలమవుతుంది. "నేను ఒప్పుకున్నా మావాళ్లు ఒప్పుకోరు" అన్న మాట నిజంగా నిజమైనప్పుడు దానికి ఎదురు ఉండదు.

బృందం బయల్దేరేనాటికి ఆ పెద్ద పట్టికలో ప్రతి వరుస చివరా మూడు అంకెలు ఉండాలి: మొదట చెప్పేది, చేరాలనుకునేది, అంతకు కిందికి దిగనిది. వాటి పక్కన ఇంకో గడి ఉండాలని నేనంటాను. ఈ లైనును ఎందుకు కాపాడాం, ఎవరు అడిగారు, ఎన్నేళ్లు చాలన్నారు అని రాసుకునే గడి. అధికారులు బదిలీ అవుతారు, ప్రభుత్వాలు మారతాయి. పదేళ్ల గడువు ముగిసి ఆ పరిశ్రమ మళ్లీ మినహాయింపు కోసం వచ్చినప్పుడు, కొత్తగా ఆ కుర్చీలో కూర్చున్న అధికారి చేతిలో ఉండేది ఆ ఒక్క గడే.